ఒక డిస్కు, రెండు తూములు

దొరబాబుకి అనుమానం పుట్టుకతోనే వచ్చిందని కొందరంటారు, ఆస్తి పంపకాలతో వచ్చిందని ఇంకొందరంటారు. ఎప్పుడొచ్చిందో గాని, వచ్చింది మాత్రం పోలేదు. ఎవరైనా కడియంలో ఆయన నర్సరీకి వచ్చి "మొక్కలు బాగున్నాయండి" అంటే, ఆ మాట ఎందుకన్నాడా అని సాయంత్రం దాకా ఆలోచిస్తాడు. లారీ డ్రైవరు వెళ్తూ వెళ్తూ నవ్వాడంటే, ఎక్కించిన మొక్కలు మళ్లీ దింపించి లెక్కపెట్టిస్తాడు. అలాంటి మనిషికి కంప్యూటర్ ఇవ్వకూడదు. కానీ కాలం ఎవరి మాటా వినదు కదా, ఆయనకీ ఇచ్చేసింది.

ఆయనా, తమ్ముడు మురళీకృష్ణా మూడేళ్ల కిందట విడిపోయారు. షెడ్లు, బోర్లు, నారుమళ్లు, లారీలు, చివరికి నీళ్ల పైపులు కూడా కొలతవేసి చెరిసగం చేసుకున్నారు. పంచకుండా మిగిలింది ఒక్క తల్లితోటే. వాళ్ల నాన్న చంద్రరావు ముప్పై ఏళ్లపాటు ఊళ్లు తిరిగి తెచ్చి పెంచిన నలభై ఆరు చెట్లు అందులో ఉన్నాయి. మామిడి గాని, సపోటా గాని, పనస గాని అంటు కట్టాలంటే, ఆ రకం తల్లిచెట్టు నుంచి లేత కొమ్మ పుల్లలు కోయాలి. చెట్టు ఎవరి వాటాకి వెళ్తే ఆ రకం వాళ్లదే అవుతుంది, రెండోవాడు దాన్ని మరిచిపోవలసిందే. అందుకని తోట ఉమ్మడిగానే ఉండాలని పెద్దలు తీర్మానించారు. ఒక్కో చెట్టుకి సీజనులో మూడు వందల పుల్లలు, ఇద్దరికీ చెరి నూట యాభై. ఎవరు ఏ రోజున ఏ చెట్టుది ఎన్ని కోశారో రాసిపెట్టాలి. హద్దు మీరితే చెట్టు నీరసిస్తుంది, ముసలి చెట్టయితే చచ్చిపోతుంది.

అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేశారు కాబట్టి, ఆ రాత ఒక్కటే వాళ్ల మధ్య మిగిలిన మాట.

రెండేళ్లు పుస్తకంలో రాశారు. ఆ పుస్తకం ఎవరి దగ్గరుండాలనే దాని మీద నాలుగుసార్లు గొడవపడ్డారు. ఈ వేసవిలో కంప్యూటర్లోకి మార్చుకుందామని ఇద్దరికీ ఒకేసారి బుద్ధి పుట్టింది. విడిపోక ముందు కొన్న పెద్ద మిషను ఒకటి రెండు ఆఫీసుల మధ్య గదిలో ఉంది. ఆ గదికి రెండు తలుపులు, ఆ తలుపులకి రెండు తాళాలు. రాజమండ్రి నుంచి వచ్చి కంప్యూటర్లు చూసిపెట్టే గణేష్‌బాబు ఆ మిషన్లోనే లినక్స్ నడిచే సర్వర్లు రెండు పెట్టాడు. పెంకుటింటికి మధ్యలో గోడ కట్టి రెండు కాపురాలు చేసినట్టు, పెట్టె ఒకటే గాని లోపల ఎవరి సర్వరు వాళ్లది. ఇంక తల్లితోట రాతల కోసం ఒక ఉమ్మడి డిస్కు కావాలి. చిక్కంతా అక్కడే వచ్చింది.

"మామూలుగా ఏం చేస్తామంటే అండి, డిస్కు ఒక సర్వరుకి తగిలిస్తాం. రెండోది దాన్ని అడిగి తీసుకుంటుంది" అన్నాడు గణేష్‌బాబు.

"అడిగి అంటే?" అన్నాడు దొరబాబు.

"అంటే, అది ఇస్తే ఇది చూపిస్తుందండి."

"ఎవరిది ఇస్తుంది? ఎవరిది అడుగుతుంది?"

గణేష్‌బాబు లేచి బయటికి నడిచాడు. పక్క ఆఫీసుకి వెళ్తే మురళీకృష్ణ కూడా అక్షరం పొల్లుపోకుండా అదే ప్రశ్న వేశాడు. ఒక తల్లి కడుపున పుట్టిన వాళ్లు కదా మరి. తిరిగొచ్చిన గణేష్‌బాబుకి దొరబాబే దారి చూపించాడు.

"కాలవ ఒకటే కదయ్యా. రెండు చేలకి రెండు తూములు పెట్టుకోమూ? నా చేలోకి నీళ్లు రావాలంటే వాడి గట్టెక్కి అడుక్కోవాలా? ఆ డిస్కుకీ రెండు తూములు పెట్టు. ఎవడి తూము వాడిది."

గణేష్‌బాబు మంచివాడు, ఎవరి మాటా కాదనలేడు. వాడికున్న లోపం అదొక్కటే. ఇంటర్నెట్లో వెతికితే, ఒకే డిస్కుని రెండు సర్వర్లకీ నేరుగా తగిలించవచ్చని కనిపించింది. తగిలించాడు. మిషను మొరాయించలేదు. ఇటు నుంచీ తెరుచుకుంది, అటు నుంచీ తెరుచుకుంది. అన్నదమ్ములిద్దరూ ఒకే పనికి మెచ్చుకున్న మొదటి మనిషి తానేనని వాడు సంబరపడ్డాడు.

వానలు పడి అంట్ల సీజను మొదలయ్యాక పది రోజులకి మొదటి రాత మాయమైంది.

దొరబాబు ఆఫీసులో ఆ రాతలు ఎక్కించేది వెంకటదుర్గ. పదకొండేళ్ల నుంచి అక్కడే పనిచేస్తోంది. ఆ రోజు సువర్ణరేఖ చెట్టు పేరు మీద నలభై పుల్లలు రాసింది. మర్నాడు చూస్తే ఆ రాత లేదు. మరిచిపోయానేమో అనుకుని మళ్లీ రాసింది. నాలుగో రోజున పనస పేరు మీద తెరిస్తే లోపల సపోటా వివరాలున్నాయి. దొరబాబు కళ్లజోడు తుడుచుకుని ఆ తెర వంక చాలాసేపు చూశాడు.

"ఇది తనంతట తాను మారిందంటావా?"

"ఏమోనండి. నేనైతే మార్చలేదు."

నేనైతే, అంది. ఆ మాట దొరబాబుకి పట్టుకుంది. ఈమె మార్చలేదంటే మార్చిన వాడు ఎవడో ఈమెకి తెలుసన్నమాట. పైగా ఈమెది ఆత్రేయపురం. తమ్ముడి పెళ్లాం లక్ష్మిదీ ఆత్రేయపురమే. ఊరికి వెళ్లొచ్చినప్పుడల్లా పూతరేకుల పొట్లాలు తెచ్చి రెండు ఆఫీసులకీ పంచుతుంది. ఇన్నేళ్లూ ఆ పూతరేకులు తిని తీపి అనుకున్నాడే గాని, వాటి వెనక ఏముందో ఆలోచించలేదు. ఇప్పుడు కూర్చుని ఆలోచించాడు.

అప్పటి నుంచి ఆమె ఏది రాసినా ఫోనుతో తెరని ఫొటో తీసిపెట్టుకోవడం మొదలుపెట్టాడు. రెండుసార్లు పాస్‌వర్డు మార్చాడు. మధ్య గది తలుపుకి తనవైపు ఇంకో తాళం వేశాడు. ఎన్ని చేసినా రాతలు పోతూనే ఉన్నాయి. ఒకరోజు కరెంటు పోయి మిషను ఆగి మళ్లీ లేచింది. అప్పుడు పోయిన రాతల్లో కొన్ని తిరిగొచ్చి కూర్చున్నాయి, ఉన్నవాటిలో కొన్ని పోయాయి. అంతకు ముందెన్నడూ కనిపించని తమ్ముడి రాతలు కొన్ని అప్పుడే ఊడిపడ్డాయి. దొరబాబుకి ఇంక సందేహం లేదు. పట్టుబడతానని భయమేసి దొంగ కొన్ని తిరిగి పెట్టేశాడు. లోకంలో దేన్నయినా సాక్ష్యంగా మలుచుకోగల తెలివి అనుమానానికి ఉంది.

ఆయనకి అసలు బాధ కొత్తపల్లి కొబ్బరి దగ్గర పుట్టింది. తోటలో అన్నిటికన్నా ముసలిది ఆ మామిడి చెట్టు. చంద్రరావు మొదట తెచ్చిన మొక్క అదే, ఆ రకానికి ఇంకో తల్లి లేదు. సీజను మొదలై మూడు వారాలైనా ఆ చెట్టు పేరు మీద తమ్ముడు ఒక్క పుల్ల కూడా రాయలేదు. ఇక్కడ ఎవరికైనా రెండు ఆలోచనలు రావచ్చు. ఒకటి, కోయలేదేమో అని. దొరబాబుకి ఆ మొదటిది రాలేదు. నేరుగా రెండోదే వచ్చింది. కోస్తున్నాడు, రాసి చెరిపేస్తున్నాడు, చెట్టంతా తానే ఊడ్చుకుపోతున్నాడు.

చెట్టు దగ్గరికి వెళ్లి చూసుకుంటే సరిపోయేది. కానీ తమ్ముడి మొహం చూడనన్న పంతానికి పోయి, ఆయన తోటలో కాలుపెట్టి ఏడాదైంది.

సత్యనారాయణస్వామి వ్రతానికని మురళీకృష్ణ కుటుంబంతో అన్నవరం వెళ్లాడు. ఆ మధ్యాహ్నం కూలీలు భోజనాలకి కూర్చున్న వేళ దొరబాబు సత్తియ్యని పిలిచాడు. సత్తియ్య చంద్రరావు కాలం నుంచి అంట్లు కడుతున్న ముసలాయన. పంపకాల తరవాత ఇద్దరి దగ్గరా పనిచేస్తున్నాడు.

"కొత్తపల్లి కొబ్బరిది, ఎన్ని పుల్లలొస్తే అన్నీ కోసుకురా."

సత్తియ్య కదల్లేదు. "చెట్టు ఈ ఏడు నీరసంగా ఉందండి అయ్యగారండి. మానుకి బంక కారతంది."

"ఎవరు చెప్పమన్నారు నిన్ను అలాగని?"

"ఎవరో చెప్పడమేంటండి. కళ్లకి కనబడతంది కదండి."

వీణ్ణి కూడా కొనేశాడన్నమాట, అనుకున్నాడు దొరబాబు. గుండెలో ఏదో చురుక్కుమంది. చిన్నప్పుడు తనని భుజాన ఎక్కించుకుని తోటంతా తిప్పిన మనిషి సత్తియ్య. ఆ బాధ కోపంగా మారడానికి క్షణం పట్టలేదు.

"నువ్వు కోస్తావా, ఇంకోణ్ణి పంపించనా?"

"ఇంకోడు కోస్తే కొమ్మలు చీల్చేస్తాడండి. నేనే కోస్తాను."

సత్తియ్య తడిగుడ్డలో చుట్టి తెచ్చిన పుల్లలు నాలుగు వందల పన్నెండు. దొరబాబు వాటిని షెడ్డు వెనక్కి పంపించి అంట్లు కట్టించాడు. కంప్యూటర్లో మాత్రం రాయించలేదు. దొంగ దగ్గర దొంగతనం చేస్తే అది దొంగతనం ఎలా అవుతుందని తనకి తాను రెండు మూడుసార్లు చెప్పుకున్నాడు. ఒక్కసారి చెప్పుకుంటే చాలే మాట అయితే అన్నిసార్లు చెప్పుకోవలసిన పని లేదు.

రెండు వారాలు తిరిగేసరికి కొత్తపల్లి కొబ్బరి ఆకు పండి రాలడం మొదలైంది. అన్నవరం నుంచి వచ్చాక పనుల్లో పడ్డ మురళీకృష్ణ అప్పుడు తోటలోకి వెళ్లి బోసిపోయిన కొమ్మలు చూసి, నేరుగా పెద్దమనిషి బంగార్రాజు గారింటికి వెళ్లాడట. శుక్రవారం తోట పంచేయమని అడిగాడట. ఆ కబురు వినగానే దొరబాబు కుర్చీలోంచి లేచాడు.

"వాడే తిని వాడే వడ్డన అడుగుతున్నాడు" అన్నాడు. అప్పటి దాకా లోపల్లోపల అనుకున్నదంతా వెంకటదుర్గ మీద కక్కేశాడు. "ఎన్నాళ్ల నుంచి మోస్తున్నావు ఇక్కడి సంగతులు అక్కడికి? నువ్వు చెరుపుతున్నావా, వాళ్లకి పాస్‌వర్డు ఇచ్చావా?"

వెంకటదుర్గ మొహం పాలిపోయింది. ఏడవలేదు. "పదకొండేళ్లండి" అంది. తెర ముందు నుంచి లేచి, "శుక్రవారం తరవాత నేను రానండి. కానీ దొంగ అనిపించుకుని మాత్రం వెళ్లను. గణేష్‌బాబుని నేనే పిలుస్తాను. అన్నదమ్ములిద్దరూ ఉండి చూడండి" అంది.

గురువారం పొద్దున్నే గణేష్‌బాబు వచ్చాడు. మధ్య గదిలో మిషను ముందు కూర్చున్నాడు. ఇటు తలుపు దగ్గర దొరబాబు, అటు తలుపు దగ్గర మురళీకృష్ణ నిలబడ్డారు. ఇద్దరూ మిషను వైపే చూస్తున్నారు. రెండు సర్వర్ల తెరలూ పక్కపక్కనే పెట్టి గణేష్‌బాబు, దొరబాబు వైపున 'గురువారం' అని ఒక ఫైలు పెట్టాడు. అది ఇటు తెర మీద కనిపించింది. అటు తెర మీద లేదు. అలా చూస్తూ పావుగంట గడిపినా రాలేదు. తరవాత మురళీకృష్ణ వైపున ఒకటి పెట్టాడు. అది ఇటు రాలేదు. అప్పుడు వాడి నుదుటి మీద చెమట కనిపించింది.

"ఇది ఎవరూ చెరపలేదండి" అన్నాడు మెల్లగా.

"మరి?" అన్నారు ఇద్దరూ.

"తప్పు నాదండి. ఒక్కో సర్వరూ లేవగానే డిస్కుని ఒకసారి చూసుకుంటుంది. ఎక్కడేముందో, ఎక్కడ ఖాళీ ఉందో తన బుర్రలో పెట్టేసుకుంటుంది. డిస్కు తన ఒక్కదానిదే అనుకుంటుంది కాబట్టి మాటిమాటికీ మళ్లీ చూడదు. పక్కది రాసింది దీనికి తెలీదు, ఇది రాసింది దానికి తెలీదు. ఖాళీ ఉందనుకున్న చోట రాసేస్తుంది. అక్కడ అప్పటికే రెండోవారి రాత ఉంటుంది. దాని మీద ఇది పడుతుంది. మీరు ఆయనవి చెరిపారు, ఆయన మీవి చెరిపారు. ఇద్దరికీ తెలియకుండానేనండి."

"కాలవకి రెండు తూములుండవా?" అన్నాడు దొరబాబు. గొంతులో ఇందాకటి పదును లేదు.

"ఉంటాయండి. కానీ కాలవ మీద వంతులుంటాయి, వంతు చూసి నీళ్లు వదిలే లస్కరు ఉంటాడు. ఒకరు తూము ఎత్తితే రెండోవారికి తెలుస్తుంది. మన దానికి లస్కరు లేడండి. ఆ రోజు మీరిద్దరూ వద్దంటే నేను ఊరుకున్నాను. ఊరుకోకూడదు."

వెంకటదుర్గ గోడకి ఆనుకుని కళ్లు మూసుకుంది. దొరబాబు ఆమె వైపు చూడలేకపోయాడు. పదకొండేళ్ల మనిషిని ఒక పెట్టె చేసిన పనికి దొంగని చేశాడు. సిగ్గు ముంచుకొచ్చింది. దాని వెనకే ఒక చల్లని భయం కూడా వచ్చింది. తమ్ముడు దొంగ కాకపోతే, నాలుగు వందల పన్నెండు పుల్లల మాటేమిటి?

గణేష్‌బాబు రెండు వైపులా డిస్కుని ఊడదీసి మరమ్మతు మొదలుపెట్టాడు. గంటన్నర పట్టింది. ఎవరూ కూర్చోలేదు. చెదిరిపోయిన రాతల్లో దొరికినవి, పేర్లు పోయి ఉత్త అంకెలతో, ఒక మూల పోగుపడ్డాయి. వాడు ఒక్కొక్కటే తెరిచి పైకి చదువుతుంటే వెంకటదుర్గ ఏది ఏ చెట్టుదో చెబుతూ వచ్చింది. సువర్ణరేఖ నలభై. పనస పాతిక. అన్నీ సవ్యంగానే ఉన్నాయి, ఎవరూ హద్దు మీరలేదు. తరవాత తెరిచినది చదవబోయి గణేష్‌బాబు ఆగాడు.

"చదువు" అన్నాడు మురళీకృష్ణ.

"కొత్తపల్లి కొబ్బరి. మానుకి బంక కారుతోంది. ఈ ఏడు దీని పుల్ల ఎవరూ కోయవద్దు. నా నూట యాభై నేను వదులుకున్నాను. మందు పూయించాను. అన్నయ్యకి చూపించండి."

తేదీ చూస్తే సీజను మొదలైన మూడో రోజుది.

మురళీకృష్ణ మొదటిసారి మిషను మీంచి చూపు తిప్పాడు. "ఈ రాత మీవైపు రాలేదన్నమాట. నేను మూడు వారాలు జవాబు కోసం చూశాను" అన్నాడు. ఎవరితో అంటున్నాడో తెలియనట్టు అన్నాడు. తరవాత గుమ్మం అవతల నిలబడ్డ సత్తియ్యని చూశాడు. "రాతల సంగతి తేలింది. మరి ఆ చెట్టు ఎవరు కోశారు? అంత నేర్పుగా కోసే చెయ్యి ఈ తోటలో ఒక్కటే ఉంది."

సత్తియ్య తల వంచుకున్నాడు. చెప్పలేదు. చెప్పడని దొరబాబుకి తెలుసు. ఈ ముసలాడు నింద మోస్తాడు గాని నోరు విప్పడు. ఇప్పుడు ఊరుకుంటే తప్పు సత్తియ్య మీదికి పోతుంది, తన పరువు తన దగ్గర ఉంటుంది. వెంకటదుర్గ ఇందాకటి నుంచీ తనవైపే చూస్తోంది. దొరబాబు తమ్ముడి వైపు తిరిగాడు.

"నేనే కోయించానురా" అన్నాడు.

మురళీకృష్ణ చూపు సత్తియ్య మీంచి అన్న మీదికి వచ్చింది.

"నువ్వు రాసి చెరిపేస్తున్నావనుకున్నాను. సత్తియ్య వద్దన్నాడు. వినలేదు."

"ఎన్ని?"

"నాలుగొందల పన్నెండు."

మురళీకృష్ణ తల పంకించాడు. కోపంగా కనిపిస్తే దొరబాబుకి కాస్త తెరిపిగా ఉండేది. అలసిపోయినట్టు కనిపించాడు.

గణేష్‌బాబు గొంతు సవరించుకున్నాడు. "ఇప్పుడు డిస్కు ఒకరి సర్వరుకే తగిలించాలండి. రెండోవారు దాని ద్వారా చూసుకోవాలి. ఎవరిది..."

"తమ్ముడి దానికి పెట్టు" అన్నాడు దొరబాబు వెంటనే. "నేను అడిగి చూసుకుంటాను."

ఆ మాట అనడానికి ఆయనకి మూడేళ్లు పట్టింది. అన్నాక ఏదో జరుగుతుందని ఎదురుచూశాడు. మురళీకృష్ణ తన గుమ్మం దాటి గదిలోకి రెండడుగులు వేశాడు.

"పంపకం అయ్యేదాకా ఉంచుతాను" అన్నాడు. "చెట్లు మాత్రం రేపు పంచేసుకుందాం అన్నయ్యా. ఈ మిషను బాగైపోయింది. ఇంకోటి పాడైన రోజున నువ్వు మళ్లీ కత్తి పంపిస్తావు."

అన్నయ్యా అనే పిలుపు విని మూడేళ్లయింది. దొరబాబుకి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏదో ఒకటి దిద్దుకోవాలనిపించింది.

"అయితే కొత్తపల్లి కొబ్బరి నా వాటాలో వెయ్యి. పోయేదేదో నాకే పోతుంది. దానికి బదులు నీకు కావలసిన చెట్టు తీసుకో."

"వద్దు" అన్నాడు మురళీకృష్ణ. "అది నాకే కావాలి. నీ దగ్గరుంటే బతకదు."

మురళీకృష్ణ సత్తియ్యని వెంటబెట్టుకుని, చెట్టుకి మందు కలపడానికి తోటలోకి వెళ్లిపోయాడు.